హౌసింగ్ కోర్టు లాయర్లకు కొత్తగా సూపర్‌వైజర్ అయితే ఏం చూడాలి, ఏం వదిలెయ్యాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: న్యూయార్క్‌లో ఒక లీగల్ సర్వీసెస్ సంస్థలో ఆరేళ్ళుగా అద్దెకున్నవాళ్ళ తరఫున కేసులు చేస్తున్నారు, ఇప్పుడు అయిదుగురు లాయర్ల మీద సూపర్‌వైజర్‌ని చేశారు, వాళ్ళలో ఇద్దరు లా స్కూల్ నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, ఇంకా బార్ అడ్మిషన్ (లాయరుగా పనిచేసే లైసెన్సు) కూడా రాలేదు. "నా కేసులు నేను చూసుకోగలను, పక్కవాళ్ళ కేసుల్లో ఎంతవరకు వేలు పెట్టాలో తెలియట్లేదు" అన్నారు. నేను బ్రాంక్స్‌లో ఇదే ఉద్యోగంలో చాలాకాలంగా ఉన్నాను. మేనేజ్‌మెంట్ ట్రైనింగుల్లో చెప్పే మాటలు పక్కన పెట్టి మన కోర్టుకి పనికొచ్చేవే చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మన కేసులు చాలావరకు ట్రయల్ దాకా పోవు. కోర్టు గది బయట కారిడార్‌లో, ఓనరు తరఫు లాయరు చంకలో ఇరవై ఫైళ్ళు పెట్టుకుని నిలబడి మాట్లాడే ఆ పది నిమిషాల్లోనే తేలిపోతాయి. ఆ టైములో మీ జూనియర్ పక్కన మీరుండరు. అందుకని నా లెక్కలో సూపర్‌విజన్ అంటే ఇంతే: ఆ కారిడార్‌లోకి వెళ్ళే మనిషికి దేనిమీద సంతకం పెట్టకూడదో ముందే తెలిసుండాలి, తెలియనిది ఎదురైతే మీకు ఫోన్ చేయడానికి జంకకూడదు. మిగతా మీటింగులు, రివ్యూలు, చెక్‌లిస్టులు అన్నీ దానికోసమే.

ఈ సంగతులు తెలియని వాళ్ళు చదువుతుంటే వాళ్ళకోసం రెండు ముక్కలు. అమెరికాలో సివిల్ కేసులో ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వాలన్న రూలు మామూలుగా లేదు, ఇంట్లోంచి ఖాళీ చేయించే కేసైనా అంతే. పెద్ద నగరాల్లో మొదట న్యూయార్క్ 2017లో చట్టం చేసింది, ఫెడరల్ పేదరిక రేఖకి రెండింతల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి హౌసింగ్ కోర్టులో ఉచితంగా లాయర్. 2013 ప్రాంతంలో ఆ కోర్టులో లాయర్ ఉన్న టెనెంట్లు నూటికి ఒక్కరు, ఓనర్లకి మాత్రం దాదాపు అందరికీ ఉండేవాళ్ళు. చట్టం కొన్ని జిప్‌కోడ్‌లతో మొదలై కోవిడ్ టైములో నగరమంతటికీ వచ్చింది. 2022 జనవరి 15న ఎవిక్షన్ల మీద నిషేధం ఎత్తేశాక కేసులు ఒక్కసారిగా మీద పడ్డాయి, లాయర్లు చాలలేదు, ఉన్న సీనియర్లు అలిసిపోయి వెళ్ళిపోయారు. ఆరేళ్ళకే మీకు అయిదుగురిని అప్పగించారంటే కారణం అదే, మీరేదో తొందరపడి ఎక్కేశానని అనుకోనక్కర్లేదు.

ఇక పని. కొత్త ఫైలు రాగానే జూనియర్ మీ దగ్గరికొచ్చి కథ చెప్పడం మొదలుపెడతారు. ఆవిడకి ముగ్గురు పిల్లలు, బాత్రూం పైకప్పు కారుతోంది, ఓనరు ఫోనెత్తడు. కథ వినండి, కానీ వినేముందే నోటీసు, పిటిషన్, సర్వీస్ అఫిడవిట్ (కాగితాలు ఎలా అందజేశారో ప్రమాణం చేసి రాసింది) ఈ మూడూ మీరు సొంతంగా చదివి ఉండాలి. కథ విన్నాక చదివితే కాగితంలో ఉన్నది కాక మనకి కావలసింది కనిపిస్తుంది. అద్దె బకాయి కేసైతే 14 రోజుల రాతపూర్వక డిమాండ్ ఇచ్చారా, 2019 జూన్‌లో రాష్ట్ర అద్దె చట్టం మారకముందు మూడు రోజులు సరిపోయేది, ఇప్పుడు కాదు. ఏ నెలకి ఎంతో విడిగా రాశారా, లేక మొత్తం ఒకే అంకె పడేశారా. ఆ అంకెలో లేట్ ఫీజులు, లాయర్ ఫీజులు కలిపేశారా, 2019 చట్టం తర్వాత ఇళ్ళ కేసుల్లో అద్దె తప్ప అవేవీ ఈ కోర్టులో వసూలు చేయడానికి లేదు. సెక్షన్ 8 (అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే ఫెడరల్ పథకం) ఉన్న టెనెంట్ అయితే ప్రభుత్వం కట్టాల్సిన వాటాని కూడా ఆవిడ నెత్తిన వేశారా. ఇది నేను ఎంత తరచుగా చూస్తానో చెప్తే నమ్మరు.

సర్వీస్ అఫిడవిట్ దగ్గర జూనియర్లు పరిగెత్తేస్తారు, అక్కడ ఆపండి. "తలుపు కొట్టాను, ఎవరూ తీయలేదు, అంటించాను" అని రాసి ఉంటే ఎన్నిసార్లు కొట్టాడు, ఏ టైముకి కొట్టాడు, రెండుసార్లూ జనం డ్యూటీలో ఉండే వేళల్లోనేనా, అంటించిన మర్నాటికల్లా సర్టిఫైడ్ పోస్టులోనూ మామూలు పోస్టులోనూ రెండిట్లోనూ పంపాడా, తలుపు రంగు గోధుమ అని రాశాడు, మన క్లయింట్ ఫోటోలో తలుపు ఎర్రగా ఉందా. లోపమున్న టెర్మినేషన్ నోటీసుని (అద్దె ఒప్పందం ముగిసిందని ఇచ్చేది) కేసు వేశాక సరిదిద్దుకోవడానికి వీల్లేదని 1980లోనే చైనాటౌన్ అపార్ట్‌మెంట్స్ కేసులో రాష్ట్ర అత్యున్నత కోర్టు తేల్చేసింది, కాబట్టి ఈ చదువు వృథా పోదు. అయితే లోపం దొరికింది కదా అని జూనియర్ గంతులేస్తుంటే ఒక ప్రశ్న వేయండి: కేసు కొట్టేశారు సరే, ఓనరు రెండు నెలల్లో మళ్ళీ వేస్తాడు, అప్పటికి బకాయి ఎంతవుతుంది, అది ఎవరు కడతారు? దీనికి జవాబుంటే మోషన్ వేయమనండి. లేకపోతే ఆ లోపాన్ని బేరంలో వాడుకోమనండి.

1974కి ముందు కట్టిన, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న బిల్డింగ్ అయితే అద్దె పెంపుకి పరిమితి పెట్టే రెంట్ స్టెబిలైజేషన్ చట్టం కిందికి రావచ్చు, కాబట్టి ఫైలు తెరిచిన రోజే రాష్ట్ర హౌసింగ్ శాఖ నుంచి రెంట్ హిస్టరీ తెప్పించమనండి. ఏ ఏడు అద్దె ఉన్నట్టుండి పెరిగింది, ఏ ఏడు రిజిస్ట్రేషనే లేదు, అన్నీ ఒక్క పేజీలో కనిపిస్తాయి. స్టెబిలైజేషన్ లేని ఇల్లయితే 2024 ఏప్రిల్‌లో వచ్చిన గుడ్ కాజ్ చట్టం (సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదనేది) కిందికి వస్తుందా, దానికి సంబంధించిన నోటీసు జత చేశారా చూడాలి. కొత్త చట్టం కాబట్టి ఇక్కడ ఓనర్ల లాయర్లూ తడబడుతున్నారు.

ఇప్పుడు అసలైన చోటు, స్టిప్యులేషన్, అంటే రెండు పక్షాలూ సంతకం పెట్టే రాజీ కాగితం. ఉదాహరణకి నెల అద్దె 1,600 డాలర్లు, ఆరు నెలల బకాయి 9,600 అనుకోండి. అవతలి లాయరు ఇచ్చే కాగితం మామూలుగా ఇలా ఉంటుంది: 9,600కి తుది తీర్పు, వారెంట్ (ఖాళీ చేయించమనే కోర్టు ఉత్తర్వు) వెంటనే జారీ, అమలు మాత్రం నెలాఖరు దాకా ఆపు, మరమ్మతులు చట్టప్రకారం అవసరమైన మేరకు. చూడ్డానికి మర్యాదగా ఉంటుంది, గడువు కూడా ఇచ్చారు కదా అనిపిస్తుంది. దీన్ని జూనియర్ ముందు పెట్టి ఒక్కో ముక్కా అడగండి. నెలాఖరుకి 9,600 ఎక్కడినుంచి వస్తుంది? నగర సంక్షేమ శాఖ ఇచ్చే వన్ షాట్ డీల్ (బకాయి తీర్చడానికి ఒక్కసారి ఇచ్చే సాయం) నుంచి అంటారు. సరే, అప్లికేషన్ పెట్టారా, పేస్టబ్‌లు (జీతం రశీదులు) ఇచ్చారా, ఇకముందు నెలనెలా అద్దె కట్టగలదని చూపించారా? అది మంజూరై చెక్కు ఓనరు చేతికి చేరేసరికి గడువు దాటిపోతే ఏంటి? ఈలోపు ఒకటో తారీఖు వచ్చింది, ఇంకో 1,600 పడింది, ఇప్పుడు బాకీ 11,200, మరి క్లయింట్ ఆ నెల కట్టిన డబ్బు ఆ నెల అద్దె కింద జమ అవుతుందా, పాత బకాయిలోకి పోతుందా, కాగితంలో ఎక్కడైనా రాసుందా? గడువు తప్పితే ఓనరు ముందు కోర్టుకొచ్చి మనకి నోటీసివ్వాలా, లేక నేరుగా మార్షల్ (వారెంట్ అమలు చేసే అధికారి) దగ్గరికి పోవచ్చా? అసలు తీర్పు ఎందుకు, తీర్పు లేకుండా కట్టుబాటు రాసుకోవడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే కారణం ఏం చెప్పారు?

మరమ్మతుల లైను దగ్గర ఇంకా కఠినంగా ఉండండి. చట్టప్రకారం అవసరమైన మేరకు అని రాస్తే ఎవరూ రారు. బాత్రూం పైకప్పు, వంటింటి సింకు కింద బూజు, పెద్దగది కిటికీ, ఫలానా తారీఖు పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా టెనెంట్ ఇంట్లో ఉండి తలుపు తీస్తుంది, ఓనరు మనుషులు రాకపోతే మళ్ళీ కేసు బోర్డు మీదికి తెచ్చి అద్దెలో తగ్గింపు అడగడానికి మనకి హక్కు ఉంటుంది, ఇలా ఉండాలి. నగర హౌసింగ్ శాఖ రాసిన సి క్లాస్ వయొలేషన్లు (అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపాలు) ఉంటే వాటి నంబర్లతో సహా. చేతిరాత అర్థం కాకపోతే తిరగరాయమనాలి, మొహమాటపడకూడదు.

వారెంట్ అమలయ్యేలోపు మొత్తం బకాయి కట్టేస్తే జడ్జి ఆ వారెంట్ కొట్టేయాలని 2019 చట్టం చెప్తుంది, ఓనరు గనక టెనెంట్ కావాలని దురుద్దేశంతో ఎగ్గొట్టిందని రుజువు చేస్తే తప్ప. మార్షల్ నోటీసు కూడా 14 రోజులకి పెరిగింది. దీన్ని చూసుకుని జూనియర్లు "ఎలాగూ ఆఖర్లో కట్టుకోవచ్చు కదా" అని తీర్పుకి ఒప్పేసుకుంటారు. ఆఖర్లో కట్టే డబ్బు ఉంటే ఆవిడ మన దగ్గరికి వచ్చేదే కాదు.

వాయిదాకి ముందురోజు మధ్యాహ్నం ఆఫీసులో మీరే ఓనరు లాయరు వేషం కట్టండి, పది నిమిషాలు చాలు. "జడ్జి పిలుస్తున్నారు, పెడతావా లేదా, నాకింకా పది కేసులున్నాయి" అని తొందరపెట్టండి. ఫ్రెషర్లకి ఆ తొందరే మొదటి దెబ్బ, చట్టం తెలిసీ నోరు పెగలదు. "మా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్తాను" అనడం చిన్నతనం కాదని వాళ్ళకి ఒకటికి పదిసార్లు చెప్పాలి, చెప్పడమే కాదు, వాళ్ళు కోర్టులో ఉన్న పొద్దుటి పూట మీరు ఇంకే మీటింగూ పెట్టుకోకూడదు. రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే మూడోసారి చేయరు, సంతకం పెట్టేసి వస్తారు.

మీరు స్వయంగా వెంట వెళ్ళినప్పుడు నోరు మూసుకుని నిలబడటం నేర్చుకోండి, ఇది అన్నిటికన్నా కష్టం. ఒక్కసారి మీరు ముందుకొచ్చి మాట్లాడారంటే ఇక ఆ ఓనరు లాయరు ఆ జూనియర్‌తో మాట్లాడడు, ప్రతి వాయిదాకీ "మీ సూపర్‌వైజర్ ఏరీ" అంటాడు. క్లయింట్ కూడా అంతే. ఆగలేని పరిస్థితి వస్తే జూనియర్‌ని పక్కకి పిలిచి చెవిలో చెప్పండి, తనచేతే చెప్పించండి.

వాయిదాల గురించి మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర రెంట్ కంట్రోల్ కేసులు ఏళ్ళకేళ్ళు సాగడం చూసి పెరిగాం, వాయిదా దొరికితే సగం గెలిచినట్టే అనుకుంటాం. ఇక్కడ బకాయి కేసులో ప్రతి వాయిదాకీ ఇంకో నెల అద్దె చేరుతుంది, వన్ షాట్ అధికారి ఆ పెరిగిన అంకె చూసి "ఇంత బాకీ ఉంటే ఇకముందు ఎలా కడుతుంది" అంటాడు. హోల్డోవర్ కేసులో (బకాయి కోసం కాక వేరే కారణంతో ఖాళీ చేయమనే కేసు) లెక్క తిరగబడుతుంది, అక్కడ కాలమే క్లయింట్‌కి ఆస్తి, ఓడిపోయినా సరే వేరే ఇల్లు దొరకట్లేదని చూపిస్తే జడ్జి ఏడాది దాకా ఆపవచ్చు, ఆ కాలానికి డబ్బు కట్టుకుంటూ ఉండాలి. కాబట్టి జూనియర్ వాయిదా తెచ్చానని చెప్పినప్పుడు బాగుంది అనకండి, ఈ వాయిదా ఎవరికి పనికొస్తుంది, ఈలోపు ఏం జరగాలి, ఎవరు చేస్తారు అని అడగండి. జవాబు చాలాసార్లు పారాలీగల్ పేరు మీద ఉంటుంది. బకాయి కేసుల్లో సగం యుద్ధం ఆ అప్లికేషన్ దగ్గరే, కోర్టులో కాదు, అందుకని వారం వారం రివ్యూలో పారాలీగల్‌నీ సోషల్ వర్కర్‌నీ కూర్చోబెట్టండి. వాళ్ళ పని మీద కూడా బాధ్యత మనదేనని లాయర్ల ప్రవర్తనా నియమాల్లో ఉంది.

కేసులు ఎన్ని ఇవ్వాలి అన్నారు. లెక్కపెట్టకండి, బరువు చూడండి. కాగితాలన్నీ ఉన్న బకాయి కేసులు పది కలిపినా, మతిమరుపు వచ్చిన పెద్దాయన హోల్డోవర్ ఒక్కదానికి సమానం కాకపోవచ్చు. అక్కడ గార్డియన్ యాడ్ లైటమ్ (కేసు కోసం ఆయన తరఫున కోర్టు పెట్టే మనిషి) కావాలా, అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌ని (తమని తాము చూసుకోలేని పెద్దవాళ్ళ కోసం ఉన్న ప్రభుత్వ విభాగం) పిలవాలా, పిలిస్తే ఆయనకి మేలా కీడా, ఆయన మాటకి విలువివ్వకుండా మనమే నిర్ణయాలు చేసేస్తున్నామా, ఇవన్నీ మొదటేడు లాయరు ఒంటరిగా మోయగలిగినవి కావు. అలాంటి ఫైలు ఇచ్చిన నెలలో కొత్తవి ఆపండి. ఇన్‌టేక్ (కొత్త కేసులు తీసుకునే) రోజున వద్దు అనాల్సింది కూడా మీరే, ఆ మాట జూనియర్ నోటితో అనిపించకండి. పైవాళ్ళు సిటీ కాంట్రాక్ట్ టార్గెట్లు చూపిస్తారు, చూపించనివ్వండి. న్యూయార్క్ లాయర్ల నియమాల్లో రూల్ 5.1 ప్రకారం జూనియర్ తప్పు మనకి తెలిసీ, లేక తెలిసుండాల్సిన స్థితిలో ఉండీ, నష్టం ఆపగలిగిన టైములో ఆపకపోతే పూచీ మనదే. అమెరికన్ బార్ అసోసియేషన్ 2006లో క్రిమినల్ డిఫెండర్ల కేసుల భారం మీద ఇచ్చిన అభిప్రాయంలో సూపర్‌వైజర్ల బాధ్యత గురించి స్పష్టంగా చెప్పింది. అది మన రంగం గురించి రాసింది కాకపోయినా పైవాళ్ళకి ఈమెయిల్ రాసేటప్పుడు జత చేస్తే మాటకి బరువొస్తుంది. నోటిమాటగా చెప్పకండి, రాతలో పెట్టండి.

మోషన్లు దిద్దే విషయం తొందరగా చెప్పేస్తాను. మీరు తిరగరాస్తే గంటలో అయిపోతుంది, వాళ్ళు దిద్దుకుంటే మూడు రోజులు. అయినా వాళ్ళచేతే దిద్దించండి, దానికి తగ్గట్టు మీ గడువు కోర్టు గడువుకి వారం ముందు పెట్టుకోండి. అఫిడవిట్ మాత్రం క్లయింట్ భాషలో ఉందో లేదో చూడండి, బెంగాలీ మాట్లాడే అమ్మమ్మ అఫిడవిట్‌లో లా స్కూల్ ఇంగ్లీష్ ఉంటే జడ్జి మొదటి పేరాలోనే పట్టేస్తారు.

చెడ్డ కబుర్ల సంగతి. గడువు తప్పింది, క్లయింట్ ఫోనెత్తట్లేదు, మార్షల్ నోటీసు వచ్చి నాలుగు రోజులైంది కానీ ఇప్పుడే చూశాను, ఇలాంటివి మీ దగ్గరికి వచ్చేరోజు తప్పకుండా ఉంటుంది. మొదటిసారి మీ మొహం ఎలా పెట్టారో అయిదుగురికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. అరిచారా, తర్వాతది మీకు ఎప్పటికీ తెలియదు. ముందు ఆర్డర్ టు షో కాజ్ (ఖాళీ చేయించడం ఆపమని కోర్టుని అత్యవసరంగా అడిగే కాగితం) రాయించి ఫైల్ చేయించండి, ఎలా జరిగిందన్న విచారణ రెండు రోజులాగి పెట్టుకోవచ్చు. ఖాళీ చేయించేశాక కూడా ఇల్లు తిరిగి ఇప్పించమని అడగడానికి దారి ఉంది, ఆ రోజు జూనియర్ ఏడుస్తూ కూర్చుంటే ఆ కాగితం మీరే మొదలుపెట్టండి. తర్వాత ఇంటికి పంపండి, మర్నాడు వాళ్ళ కోర్టు వాయిదా ఇంకొకరికి మార్చండి. ధైర్యం చెప్పే మాటలకన్నా ఆ మార్చడం వల్ల ఎక్కువ ఊరట.

దీనికి అవతలి వైపు ఇంకో సమస్య ఉంటుంది, ఉత్సాహవంతుడైన జూనియర్. క్లయింట్‌కి ఆ ఇంట్లో ఉండాలని లేదు, నాలుగు నెలల గడువూ బాకీ మాఫీ ఇస్తే వెళ్ళి జార్జియాలో చెల్లెలి దగ్గర ఉంటానంటోంది, మనవాడేమో ఓవర్‌ఛార్జ్ (చట్టం ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ అద్దె తీసుకున్న) కేసు దొరికింది, వదలకూడదంటాడు. రాజీపడాలా వద్దా అన్నది క్లయింట్ ఇష్టం, మనది కాదు. ఇలాంటి ఫైల్లో మీరొకసారి క్లయింట్‌తో నేరుగా మాట్లాడండి, జూనియర్ ముందే, దుబాసీ కావాలంటే పెట్టుకుని. కొడుకునో కూతురినో దుబాసీగా వాడనివ్వకండి, బాకీ సంగతి పిల్లల ముందు ఎవరూ పూర్తిగా చెప్పరు.

ఇంకో మాట, మన తెలుగువాళ్ళకి సంబంధించింది. క్వీన్స్‌లో బేస్‌మెంట్లలో అద్దెకుండే మనవాళ్ళున్నారు, ఆ బేస్‌మెంట్లు అద్దెకిచ్చే మనవాళ్ళూ ఉన్నారు. ఏదో పెళ్ళిలోనో గుడిలోనో "అమ్మా, మావాడు అద్దె కట్టట్లేదు, ఎలా పంపించెయ్యాలి" అని అడుగుతారు. మీరూ చెప్పొద్దు, మీ జూనియర్లకీ చెప్పొద్దనండి. రేపు ఆ మనిషే మన ఇన్‌టేక్‌లో అవతలి పార్టీగా కనిపిస్తే కాన్‌ఫ్లిక్ట్ మన మెడకి చుట్టుకుంటుంది. చట్టబద్ధమైన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా రెండు కుటుంబాల ఇంట్లో మూడో వాటా అద్దెకిస్తే ఆ అద్దె కోసం కేసు వేయడమే కుదరదన్న సంగతి వాళ్ళ లాయర్ చెప్పుకుంటాడు.

మీ ఇద్దరు ఫ్రెషర్ల విషయానికొస్తే, వాళ్ళు కోర్టులో నిలబడేది అప్పిలేట్ డివిజన్ (రాష్ట్ర అప్పీలు కోర్టు) ఇచ్చిన స్టూడెంట్ ప్రాక్టీస్ ఆర్డర్ మీద, మన సూపర్‌విజన్‌లో. ఆ ఆర్డర్ కాపీ వాళ్ళ బ్యాగులో ఉండాలి, గడువెప్పటిదాకా ఉందో మీ క్యాలెండర్‌లో ఉండాలి. అడ్మిషన్ వచ్చేదాకా ఏ స్టిప్యులేషనూ మీకు ఫోటో పంపకుండా సంతకం కాకూడదని మొదటిరోజే చెప్పేయండి. మొదటి నెల మీ వెనక నిలబడి చూడనివ్వండి, రెండో నెల మీరు వాళ్ళ వెనక నిలబడండి. ఈ సోమవారం మాత్రం అయిదుగురి ఫైళ్ళూ తీసి, రాబోయే రెండు వారాల వాయిదాలు తారీఖుల వారీగా ఒకే కాగితం మీద రాసుకుని, వాటిలో ఇప్పటికే తీర్పు, వారెంట్ ఉన్నవి ఏవో ఎర్ర ఇంకుతో గీసుకోండి. ముందు వాటి ఫైళ్ళు చదవండి, మిగతావి బుధవారం చూసుకోవచ్చు.